బ్రేకు గుట్టు వదిలినప్పుడే బయటపడుతుంది

బండి కొనేవాళ్లూ, నడిపేవాళ్లూ, చివరికి బాగుచేసేవాళ్లూ బ్రేకును పరీక్షించే పద్ధతి దాదాపు ఒకటే. లివర్ నొక్కుతారు. బండి ఆగితే బ్రేకు బాగున్నట్టు, ఆగకపోతే పాడైనట్టు. ఇది సగం పరీక్షే. నొక్కిన లివర్‌ను వదిలాక అది ఎలా వెనక్కి వచ్చిందో చూసేవాళ్లు అరుదు. కానీ బ్రేకుకు వచ్చే జబ్బుల్లో చాలావాటి తొలి లక్షణం కనబడేది ఆ రెండో సగంలోనే. వేళ్లు తీయగానే టక్కున తన చోటికి చేరాల్సిన లివర్ బద్ధకంగా, మధ్యలో ఆగి ఆగి వస్తుంటే చిన్న చిరాకుగా భావించి రెండు చుక్కల నూనె వేసి సరిపెట్టుకుంటాం. అలా సరిపెట్టుకోకూడదన్నదే నా వాదన. లివర్ మందగించిందంటే బ్రేకులో ఎక్కడో రాపిడి పెరిగి ఉండాలి, లేదా ఒత్తిడి బయటికి పోయే దారి లేక చిక్కుకుపోయి ఉండాలి. ఆ చోటు ఏదో తేల్చుకోకుండా చేసే మరమ్మతు లక్షణాన్ని కప్పిపెడుతుందే గాని జబ్బును పోగొట్టదు.

వదిలేటప్పుడే ఎందుకు చూడాలంటే, నొక్కేటప్పుడు పనిచేసేది మన చేతి బలం. లివర్ ఇరుసు దగ్గర తుప్పు పట్టినా, కేబుల్ లోపల మట్టి చేరినా, పిస్టన్ గరుకెక్కినా చేయి మరికాస్త గట్టిగా నొక్కి ఆ అడ్డును దాటేస్తుంది. అడ్డు ఒక్కరోజులో రాదు, నెలల తరబడి కొద్దికొద్దిగా పెరుగుతుంది. చేయి కూడా దానితోపాటే అలవాటు పడిపోతుంది కాబట్టి తేడా తెలియదు. వదిలేటప్పుడు మాత్రం చేతి సాయం ఉండదు. వెనక్కి తోసేవి బ్రేకులోని స్ప్రింగులే, వాటి బలం కొంతే. గిలక బిగుసుకుపోయిన నూతిలో నిండు చేదను బలంగా పైకి లాగేవాడికి ఆ సంగతి తెలియకపోవచ్చు. ఖాళీ చేదను లోపలికి వదిలినప్పుడు అది దిగకుండా వేలాడితే అప్పుడు తెలుస్తుంది. రాపిడికి రానూపోనూ తేడా లేదు. లివర్‌ను వెనక్కి రానివ్వని అడ్డే, నొక్కేటప్పుడు మన బలంలో కొంత మింగేస్తుంది. అందుకే నొక్కుడు కంటే విడుపు నిజాయతీ గల సాక్షి.

ఈ అడ్డు ఎంత ప్రమాదమో లెక్క వేసి చూడవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 16.7 మీటర్లు దాటుతుంది. బ్రేకు పూర్తిగా పట్టడానికి పావు సెకను ఆలస్యమైనా బండి నాలుగు మీటర్లకు పైగా ముందుకు వెళ్లిపోతుంది. రోడ్డు దాటుతున్న మనిషిని తప్పించడానికి ఆ నాలుగు మీటర్లే కావాల్సి రావచ్చు. బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి, ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రం మీదే పడుతుంది. తడి రోడ్డు మీదో, ఇసుక మీదో ఆ చక్రం బిగిసి జారడం మొదలైతే మనిషిని కాపాడేది బ్రేకును తక్షణం వదలడమే. వేళ్లు తీసినా బ్రేకు వదలకపోతే ఆ అవకాశం చేజారినట్టే. మరో సంగతి చాలామంది గమనించరు. లివర్ పూర్తిగా తన చోటికి రాకపోతే దాని పక్కనుండే చిన్న స్విచ్ కూడా వదలదు, వెనక బ్రేకు లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎప్పుడూ వెలిగే లైటు చూసి వెనక వచ్చేవాళ్లు మనం ఎప్పుడు ఆగుతున్నామో తెలుసుకోలేరు.

డ్రమ్ బ్రేకు: మూడు ముక్కలుగా విడదీసి చూడండి

వెతకడం మొదలుపెట్టే ముందు జబ్బు ఏదో స్పష్టంగా పేరు పెట్టుకోవాలి. లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వెళ్లిపోతుంటే అది వేరే జబ్బు. డిస్క్ బ్రేకులో అయితే సాధారణంగా ఆయిల్‌లో గాలి చేరిందని అర్థం. ద్రవాన్ని ఎంత నొక్కినా దాదాపు కుదించుకుపోదు, గాలి మాత్రం కుదించుకుపోతుంది, మన నొక్కుడంతా దానికే ఖర్చవుతుంది. నొక్కడానికే బరువుగా ఉండటం, వదిలాక నెమ్మదిగా రావడం మాత్రం తరచు ఒకే కారణం నుంచి పుట్టే జంట లక్షణాలు. మనం వెతుకుతున్నది ఈ రెంటి గురించి. డ్రమ్ బ్రేకు బండ్లలో ఈ వెతుకులాట తేలిక. అక్కడ ఉన్నవి మూడే భాగాలు: చేతి దగ్గర లివర్, మధ్యలో మెకానిక్కులు వైరు అని పిలిచే కేబుల్, చక్రం దగ్గర కేబుల్ లాగితే కదిలే ఆర్మ్. చక్రం దగ్గర అడ్జస్టింగ్ నట్ విప్పి కేబుల్‌ను ఆర్మ్ నుంచి వేరుచేస్తే ఏ భాగాన్ని ఆ భాగంగా చేత్తో కదిలించి చూడవచ్చు. మూడూ కలిసి ఉన్నప్పుడు దోషం ఎవరిదో చెప్పలేం, విడదీస్తే ఏదీ దాక్కోలేదు.

కేబుల్ తీసేసిన లివర్ కూడా బిగుతుగా తిరుగుతుంటే దోషం ఇరుసు బోల్ట్ దగ్గరే ఉంది. అక్కడ దుమ్ము, ఎండిపోయిన గ్రీజు, తుప్పు కలిసి గట్టిపడి ఉండవచ్చు. ఎవరో ఆ బోల్ట్‌ను అవసరానికి మించి బిగించి ఉండవచ్చు. బండి ఎప్పుడో పడి లివర్ కొద్దిగా వంగి పక్కల ఒరుసుకుంటూ ఉండవచ్చు. విప్పి, శుభ్రంగా తుడిచి, పలుచగా గ్రీజు రాసి, ఊగకుండా, బిగుసుకోకుండా బోల్ట్ పెడితే సరిపోతుంది. వంగిన లివర్‌ను సుత్తితో సరిచేయకూడదు. అల్యూమినియం లివర్ వంచితే పగులు వారవచ్చు, ఆ పగులు దగ్గర లివర్ సరిగ్గా గట్టిగా నొక్కిన రోజునే విరగవచ్చు. లివర్ తేలిగ్గా ఉండి కేబుల్ లాగితే గరగరలాడుతుంటే కేబుల్ లోపల తీగ తుప్పు పట్టిందనో, ఒక్కొక్క పోగే తెగుతోందనో అర్థం. హ్యాండిల్ ఒక పక్కకు తిప్పినప్పుడే బిగుసుకుంటే కేబుల్ వెళ్లే దారిలో ఎక్కడో నొక్కుకుపోతోంది. పోగులు లేచిన కేబుల్‌కు నూనె వేయడం వృథా, మార్చాల్సిందే. కోస్తా ఊళ్లలో ఉప్పు గాలికి, వానాకాలం బురదనీళ్లకు కేబుల్ రెండు చివర్లలో తుప్పు త్వరగా మొదలవుతుంది కాబట్టి విశాఖ, కాకినాడ వంటి చోట్ల దీన్ని ఇంకాస్త తరచుగా చూసుకోవాలి.

లివర్, కేబుల్ రెండూ బాగుండి ఆర్మ్ మాత్రం చేత్తో తిప్పి వదిలినా వెనక్కి రాకపోతే, దోషం డ్రమ్ లోపలికి వెళ్లింది. బ్రేకు షూలను రెండు పక్కలకూ తోసే క్యామ్ అనే చిన్న ఇరుసు అక్కడ ఉంటుంది. అది తిరిగే రంధ్రంలో తుప్పు, షూల నుంచి రాలిన పొడి పేరుకుంటే క్యామ్ బిగుసుకుంటుంది. చక్రం విప్పి, క్యామ్ తీసి తుడిచి, కొద్దిగా మాత్రమే గ్రీజు రాసి బిగించాలి. ఎక్కువ రాస్తే వేడికి కరిగి షూల మీదికి పారుతుంది, అప్పుడు అసలు బ్రేకే పట్టదు. ఆ పొడిని నోటితో ఊదకూడదు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇక్కడే జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. లివర్ వదులుగా ఉందని నట్ బిగిస్తూ పోతారు. షూలు అరిగేకొద్దీ క్యామ్ ఇంకా ఇంకా తిరగాలి. ఒక హద్దు దాటాక అది పక్కకు పడిపోయినట్టు తిరిగి, స్ప్రింగులు లాగినా వెనక్కి రాని స్థితికి చేరుతుంది. అందుకే చాలా బండ్లకు బ్రేకు ప్లేట్ మీద బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు ఆర్మ్ దగ్గరి ముల్లు ఆ గుర్తును చేరితే షూలు మార్చే సమయం వచ్చినట్టు. నట్ బిగించడం ఆ గుర్తుకు జవాబు కాదు.

డిస్క్ బ్రేకు: ఆయిల్ తిరిగి వచ్చే దారి

డిస్క్ బ్రేకులో కేబుల్ స్థానాన్ని ద్రవం తీసుకుంటుంది. మూసి ఉంచిన ద్రవంలో ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. హ్యాండిల్ మీది మాస్టర్ సిలిండర్‌లో చిన్న పిస్టన్, చక్రం దగ్గర క్యాలిపర్‌లో పెద్ద పిస్టన్. చిన్నదాన్ని చేయి నొక్కితే పెద్దది చాలా రెట్ల బలంతో ప్యాడ్‌లను డిస్క్‌కు అదుముతుంది. ఎక్కువ ఉత్పత్తి జరిగే మోటార్ సైకిళ్లలో 1969లో వచ్చిన హోండా సీబీ 750తో ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్క్ ప్రాచుర్యం పొందింది, ఇప్పుడు మన ఊళ్లలో చిన్న బండ్లకూ అదే. ఈ ఏర్పాటు నొక్కుడును ఎంత చక్కగా చేరవేస్తుందో చెప్పుకుంటాం గాని, విడుపు ఎంత సున్నితమైనదో చెప్పుకోం. క్యాలిపర్ పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ ఏదీ లేదు. పిస్టన్ చుట్టూ ఉండే నలుచదరపు రబ్బరు సీలు నొక్కినప్పుడు కొద్దిగా వంగి, ఒత్తిడి పోగానే మళ్లీ నిటారుగా అవుతూ పిస్టన్‌ను మిల్లీమీటరులో కొంత భాగం మేర వెనక్కి తెస్తుంది. అంతే దాని ఆధారం. తుప్పు, మట్టి పట్టిన పిస్టన్‌ను ఆ కొద్దిపాటి రబ్బరు బలం కదిలించలేదు.

పై భాగంలో, మాస్టర్ సిలిండర్‌లో, ఇంతకంటే సున్నితమైన చోటు ఒకటుంది. పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు మాత్రమే తెరుచుకునే అతి చిన్న రంధ్రం అది. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తే మిగులు ఆ రంధ్రం గుండానే పై డబ్బాలోకి తిరిగి వస్తుంది. లివర్ మందగించి పిస్టన్ కొద్దిగా ముందే ఆగిపోయినా, పాత ఆయిల్ అడుగున చేరిన మడ్డి ఆ రంధ్రాన్ని మూసేసినా ఆయిల్‌కు తిరుగు దారి ఉండదు. ప్యాడ్‌లు డిస్క్‌ను ఒరుసుకుంటాయి. ఒరిపిడికి వేడి, వేడికి ఆయిల్ వ్యాకోచం, ఆ వ్యాకోచంతో ప్యాడ్‌ల మీద మరింత ఒత్తిడి. ఇలా ఎవరూ నొక్కకుండానే బ్రేకు బిగుసుకుంటూ పోతుంది. అందుకే డిస్క్ బ్రేకులో మందగించిన లివర్‌ను డ్రమ్ బ్రేకులో కంటే తీవ్రంగా తీసుకోవాలి. అందం కోసం వేరే కంపెనీ లివర్ బిగించుకునేవాళ్లు ప్రత్యేకంగా గమనించాలి. పిస్టన్‌ను నొక్కే మొన కొలత కాస్త ఎక్కువైనా పిస్టన్ ఎప్పుడూ కొంచెం లోపలికి నొక్కే ఉంటుంది, ఆ రంధ్రం ఎన్నడూ తెరుచుకోదు. ఏ లివర్ పెట్టినా అది పిస్టన్‌ను తాకే ముందు కాస్త ఖాళీ కదలిక మిగిలి ఉందో లేదో చూసుకోవాలి.

మాస్టర్ సిలిండర్ పిస్టన్ బిగుసుకోవడానికి రెండు కారణాలు ఎక్కువ. మొదటిది నీరు. లివర్ పిస్టన్‌ను తాకే చోట ఉండే రబ్బరు తొడుగు చిరిగినా, సర్వీసు దగ్గర ప్రెషర్ నీళ్లు నేరుగా అక్కడికే కొట్టినా నీరు లోపలికి చేరి అల్యూమినియం మీద తెల్లని పొడి కడుతుంది, పిస్టన్ ఆ పొడిలో ఇరుక్కుంటుంది. రెండోది తప్పుడు ద్రవం. బ్రేకు ఆయిల్ అని పిలుస్తాం గాని అది ఇంజన్ ఆయిల్ జాతి కాదు. డాట్ 3, డాట్ 4 ద్రవాలు గ్లైకాల్ ఆధారంగా చేసినవి, లోపలి రబ్బరు వాటికి తగ్గట్టు చేసింది. ఇంజన్ ఆయిల్, డీజిల్, మామూలు గ్రీజు ఏది తగిలినా ఆ రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన రబ్బరు సిలిండర్‌లో బిగుసుకుని లివర్‌ను వెనక్కి రానివ్వదు. మందగించిన లివర్ మీద నూనె చిమ్మడం ఎందుకు ప్రమాదమో ఇప్పుడు అర్థమవుతుంది. ఇరుసు మీద వేసిన నూనె కారి పిస్టన్ రబ్బరును చేరితే, బాగుచేద్దామన్న చేతే కొత్త జబ్బు తెచ్చినట్టు. రబ్బరు దగ్గర వాడాల్సింది సిలికాన్ గ్రీజు వంటి, బ్రేకు రబ్బరుకు తగిన గ్రీజు మాత్రమే.

డిస్క్ బ్రేకులో దోషం పైనా, మధ్యనా, కిందా అని తేల్చడానికి ఒక చక్కని వరుస ఉంది, ఏ మెకానిక్ అయినా చేయగలడు. బ్రేకు పట్టేసి చక్రం చేత్తో తిరగనప్పుడు క్యాలిపర్ మీద గాలి తీయడానికి ఉండే బ్లీడర్ నిపుల్‌ను కొద్దిగా వదులు చేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే వదిలితే పైనుంచి ఒత్తిడి చిక్కుకుపోయి ఉందని అర్థం. వదలకపోతే క్యాలిపర్ పిస్టనో, క్యాలిపర్ జారే పిన్నులో బిగుసుకున్నాయి. ఒత్తిడి చిక్కుకున్నదైతే మళ్లీ బ్రేకు పట్టించి, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గర హోస్ (ఆయిల్ గొట్టం) కలిసే బోల్ట్ వదులు చేయాలి. అక్కడ వదులు చేయగానే చక్రం విడిపడితే దోషం మాస్టర్ సిలిండర్‌ది. అక్కడ విడిపడకుండా కింద నిపుల్ దగ్గర మాత్రమే విడిపడితే హోస్ లోపలి పొర ఉబ్బి దారి మూసుకుంది. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి, పెయింట్ మీద పడిన ఆయిల్‌ను వెంటనే నీళ్లతో కడగాలి, పని అయ్యాక గాలి మొత్తం తీయాలి. ఇంత చేస్తే ఏ భాగం మార్చాలో కచ్చితంగా తెలుస్తుంది, మూడు భాగాలూ ఒకేసారి మార్పించి మూడింతలు చెల్లించాల్సిన పని ఉండదు.

ఎదురయ్యే వాదనలు

బండి ఆగుతూనే ఉందిగా, ఎందుకింత హడావుడి అని అడిగేవాళ్లు ఉంటారు. చల్లగా ఉన్నప్పుడు ఆగడం ఒక సాక్ష్యమే, కానీ అసలు పరీక్ష వేడిలో ఉంటుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు సుమారు 3.7 శాతం చేరాక ఆ కనీసం 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. మెల్లగా ఒరుసుకుంటున్న బ్రేకుతో, పాత ఆయిల్‌తో శ్రీశైలం ఘాట్ దిగుతున్నారనుకోండి. ఆయిల్‌లోని నీరు ఆవిరై బుడగలు కడితే లివర్ నొక్కినా ప్యాడ్‌లను చేరే బలం ఉండదు. దిగువకు వచ్చి చల్లబడ్డాక బ్రేకు మళ్లీ మామూలైపోతుంది, గ్యారేజీలో చూపిస్తే ఏ లోపమూ కనబడదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమని చాలా కంపెనీలు చెప్పడానికి కారణం ఇదే. తగ్గినంత పోయడం మార్చడం కాదు. ప్యాడ్‌లు అరిగేకొద్దీ మట్టం సహజంగానే తగ్గుతుంది. పైన కొత్తది పోస్తే కింది పాత ఆయిల్, మడ్డి, నీరు అలాగే ఉంటాయి.

ఇప్పటి బండ్లలో ఏబీఎస్ ఉంది కదా అన్నది మరో మాట. 2019 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త టూవీలర్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, అంతవరకు ఉన్నవాటికి ఏబీఎస్ గానీ ముందు వెనక బ్రేకులను కలిపి పనిచేయించే కాంబీ బ్రేకు గానీ తప్పనిసరి అయ్యాయి. మంచి మార్పే. కానీ ఏబీఎస్ చేసేది చక్రం బిగిసి జారబోయేటప్పుడు ఒత్తిడిని తగ్గించి మళ్లీ పెంచడం. బిగుసుకున్న పిస్టన్‌ను అది వదిలించలేదు, మూసుకున్న రంధ్రాన్ని తెరవలేదు. కాంబీ బ్రేకు అయితే వెతుకులాటను ఇంకా పెంచుతుంది. ఒకే లివర్ రెండు చక్రాలకూ కలిసి ఉంటుంది కాబట్టి చేతికి తగిలే మందగింపు వెనక చక్రం దగ్గరి క్యామ్‌దో, మధ్యలో రెంటినీ కలిపే చోటుదో కావచ్చు. చేతికి దగ్గరున్న ఇరుసుకు నూనె వేసి ఊరుకునే పద్ధతి ఇలాంటి బండిలో మరింత తప్పుదోవ పట్టిస్తుంది.

బ్రేకు వంటి ప్రాణాధారమైన దాని మీద అనుభవం లేనివాళ్లు చేయి పెట్టవచ్చా అన్న అభ్యంతరం న్యాయమైనదే. మాస్టర్ సిలిండర్ విప్పడం, ఆయిల్ మార్చి గాలి తీయడం తెలిసిన మెకానిక్ పని. ఏబీఎస్ ఉన్న కొన్ని బండ్లకు గాలి తీయడానికి ప్రత్యేక పరికరం కూడా కావాలి. అయితే గమనించడం, మరమ్మతు చేయడం రెండూ ఒకటి కావు. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, చక్రం తిప్పి, బ్రేకు నొక్కి వదిలాక మళ్లీ స్వేచ్ఛగా తిరుగుతోందా చూడటానికి పానా అవసరం లేదు. కాస్త దూరం బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపాక డిస్క్ దగ్గరికి తాకకుండా చేయి పెడితే అసాధారణమైన వేడి తెలిసిపోతుంది. ఆయిల్ డబ్బా అద్దంలోంచి చూస్తే లేత పసుపు ఛాయ నుంచి ముదురు గోధుమకు మారిందో లేదో కనబడుతుంది. లివర్ వదిలితే లైటు ఆరుతోందా అన్నది బండి వెనక గోడ ఉండేలా నిలిపి చూడవచ్చు. ఆదిలాబాద్ వంటి చోట చలికాలం ఉదయాల్లోనే మందగించి, ఎండెక్కాక బాగవుతుంటే పాత గ్రీజు గట్టిపడిందని అనుమానించవచ్చు. ఈ వివరాలతో వెళ్లిన బండి యజమాని మెకానిక్‌కు సగం పని చేసిపెట్టినట్టే.

మన దగ్గర బండి ఒక్కరి సొత్తు కాదు. బడికి వెళ్లే పిల్ల వెనక కూర్చుంటుంది, ఆసుపత్రికి వెళ్లే తల్లి కూర్చుంటుంది, పొలం నుంచి బస్తా కూడా ఎక్కుతుంది. అలాంటి బండి గ్యారేజీ నుంచి వచ్చినప్పుడు బ్రేకు పట్టుకుంటోందా అని ఒక్కటే అడిగితే చాలదు. ఎందుకు మందగించింది, దోషం ఏ భాగంలో దొరికింది, ఏది మార్చారు అని అడగాలి. నూనె వేశాం, బిగించాం అనే జవాబుతో తృప్తిపడకూడదు. నొక్కితే పట్టడం బ్రేకు చేసే పనిలో సగం. వదిలితే వెంటనే, పూర్తిగా వదలడం మిగతా సగం. ఆ రెండో సగాన్ని కూడా ప్రతిసారీ పరీక్షించి, కారణం తేలేదాకా బండి తీసుకోనని నిలబడితే, ఈ జబ్బు చాలాసార్లు చిన్నదిగా, చౌకగా ఉన్నప్పుడే దొరికిపోతుంది.